కింద తాడు పట్టే మనిషి

దుర్గేష్ గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి వేణుమాధవ్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉన్నాడు. మధ్యలో మిక్చర్ గిన్నె, పక్కన ఫోన్‌లో తెరిచిపెట్టిన రాజస్థాన్ మ్యాపు. ఎదుటి కుర్చీ చూపించాడు.

“కూసో తమ్మీ. మా ఇంటి మనిషిని ఎడారికి తీస్కపోతున్నవంట. జెర మాకు సుత చెప్పు, ఏందో ఆ కథ.”

వంటింట్లో టీ వడపోస్తున్న కల్పలత చేయి ఒక్క క్షణం ఆగింది. ఎడారికి పోదామన్నది దుర్గేష్ కాదు, ఆమే. వానాకాలం నుంచి బండలెక్కే క్లబ్బులో అందరి వెంటా పడి ఒప్పించింది. ఆ సంగతి భర్తకు చెప్పింది కూడా. ఆయనకు గుర్తు లేదో, గుర్తుంచుకోదలచుకోలేదో.

“బాడ్మేర్ దిక్కు ఎడారి నడుమ గ్రానైట్ గుట్టలున్నయన్నా,” అన్నాడు దుర్గేష్. “మనం బొల్లారం అవతల ఎక్కే బండల తీరే ఉంటయి, కాకపోతే జెర పెద్దయి. మరీ కష్టమైనయి కావు, మోస్తరు. పొద్దుగాల రాయి చల్లగున్నప్పుడు ఎక్కుడు, ఎండెక్కినంక నీడకుండుడు, సాయంత్రం ఇసుకల నడుచుడు. ఇద్దరికి ఒక తాడు. కల్పక్క, యోగిత మేడమ్ ఒక జత.”

“ఆడోళ్ళు ఆడోళ్ళు ఒక జతనా!” వేణుమాధవ్ నవ్వాడు. “ఒకరు జారితే ఇంకొకరు ఏడ్వనీకెనా?”

సోఫాలో ఫోన్ చూసుకుంటున్న కూతురు సింధూర తల ఎత్తకుండానే నవ్వింది.

“గట్లనకన్నా. మా బ్యాచ్‌ల అక్క అంత సాఫ్‌గ ఎక్కేటోళ్ళు లేరు.”

“ఎవరు, మా కల్పలతనా? స్టూలెక్కి అటక మీది డబ్బా తియ్యమంటే కండ్లు తిరుగుతయంటది.”

అది సింధూర కడుపులో ఉన్నప్పటి మాట. అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆయన అదే చెబుతాడు. కల్పలత టీ కప్పులు తెచ్చి పెట్టింది. దుర్గేష్ ఆమె ముఖంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు.

దివాన్ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న అత్తగారు దేవమ్మ ఇప్పుడు అడిగింది. “మట్టెలు తీసేసి ఎక్కుతదట గద నాయినా, నా కోడలు. నిజమేనా?”

“ఆ బూట్లు మస్తు బిగుతుంటయమ్మా. చేతి ఉంగరమైనా, కాలి మట్టె అయినా తీసుడే. రాయి సందుల ఇరికిందంటే వేలే పోతది.”

“పోతే పోయె. ఇంకా తొమ్మిదుంటయి,” అంది దేవమ్మ. సాసర్‌లో పోసుకున్న టీ ఊదుకుంటూ, “మొగుడు ఒక్కడే కద ఉండేది,” అని ముగించింది.

వేణుమాధవ్ పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక దుర్గేష్ భుజం తట్టి అన్నాడు. “సరే, ఫిక్స్. నేను సుత వస్తున్న.”

*

కల్పలతను గుట్టల దాకా తీసుకెళ్ళింది యోగిత. పద్మారావు నగర్‌లో వాళ్ళ వీధి చివర ఇల్లు, బ్యాంకులో ఉద్యోగం, కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ‘షుగర్ బోర్డర్‌లో ఉంది, నడవండి’ అని డాక్టరు కల్పలతకు చెప్పినప్పుడు, “పార్కులో గుండ్రంగా తిరగడమేంటక్కా, ఆదివారం నాతో రా,” అని లాక్కుపోయింది.

మొదటి ఆదివారం ఆమె బండ సగం దాకా ఎక్కి ఆగిపోయింది. పైకి చేయి అందదు, కిందికి కాలు రాదు. ఊపిరి చాలక, కింద తాడు పట్టిన, క్లబ్బు నడిపే దుర్గేష్‌కు వినిపిస్తుందో లేదో అనుకుంటూనే, “దింపు” అంది. ఆ మాట పూర్తి కాకముందే తాడు మెత్తగా జారడం మొదలైంది. నేల మీద కాలు పెట్టగానే ఆమెకు ఏడుపొచ్చింది. భయంతో అనుకుని యోగిత వీపు నిమిరింది. కానీ అది భయం కాదు. ఎందుకు, ఇప్పుడేనా, ఇంకాసేపు ఆగలేవా అని అడగకుండా తన నోటి మాట మీద ఒక పని జరగడం ఆమెకు కొత్త.

ఆరోజే దుర్గేష్ అందరికీ చెప్పాడు. “క్లబ్బుల ఒకటే కానూన్. పైనున్న మనిషి దింపమంటే కిందున్న మనిషి దింపాలె. ఎందుకని అడగొద్దు. బతిమిలాడించుకోవద్దు. గిది పాటించలేనోళ్ళ చేతికి నేను తాడియ్య.”

ఆ కానూన్ కల్పలతకు ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా వంట చేస్తూ, బట్టలు మడత పెడుతూ దాన్నే మనసులో చెప్పుకుంది. ఏడాది తిరిగేసరికి క్లబ్బులో ఎవరికి కష్టమైన బండ ఎదురైనా, “కల్పక్క తాడు పడితే ఎక్కుతా,” అనేవాళ్ళు. ఇంట్లో ఎవరికీ ఆ విషయం తెలియదు. చెప్పబోతే సింధూర, “మమ్మీ, నీ స్పైడర్‌మ్యాన్ కథలు మళ్ళా షురూనా?” అనేది.

*

వేణుమాధవ్ వస్తానన్న రోజు నుంచి ప్రయాణం మారిపోతూ వచ్చింది.

ముందు గుడారాలు పోయాయి. “ఇసుకల పండుకుంటే నా నడుము పోతది,” అని ఏసీ గదులున్న రిసార్టు చూశాడు. తర్వాత సాయంత్రపు నడకలు పోయి ఒంటెల సవారీ వచ్చింది. తన దుకాణం పక్క దుకాణపు భానుప్రకాశ్‌ను కలుపుకున్నాడు. జోధ్‌పూర్ నుంచి తిరగడానికి వ్యాను ఏర్పాటు తనదేనన్నాక క్లబ్బువాళ్ళు ఆయన మాట కాదనలేకపోయారు. కొద్దిరోజుల్లోనే వాట్సాప్ గ్రూపులో అందరూ ఆయననే అడుగుతున్నారు. నీళ్ళు మనిషికి ఎన్ని మోయాలి అన్నా, తాళ్ళలోకి ఇసుక పోకుండా కింద పరిచే పట్టాలు ఎవరు తెస్తారు అన్నా, ‘వేణు అన్నా చెప్పాలి.’ జవాబులు కల్పలత దగ్గర ఉండేవి. రాత్రి పక్క మీద పడుకుని ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది, ఆయన తన పేరుతో టైపు చేసేవాడు.

ఆదివారాలు ఆయనా బండల దగ్గరికి రాసాగాడు. ఎక్కడం పెద్దగా రాలేదు. పొట్ట అడ్డం, ఓపిక తక్కువ. తాడు పట్టడం మాత్రం చప్పున పట్టుబడింది. రాణిగంజ్‌లో మోటారు పంపుల దుకాణం ఆయనది. బరువైన మోటార్లను చైన్ పుల్లీ మీద లారీలోంచి దెబ్బ తగలకుండా దింపించి దింపించి చేతులకు అలవాటు. దుర్గేష్ కూడా మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఇంట్లో వారం రోజులు నడిచింది.

మట్టెల సంగతి దేవమ్మ వదల్లేదు. తీసేస్తే తను అన్నం ముట్టనంది. ఒక పూట నిజంగానే ముట్టలేదు. వేణుమాధవ్ చేయి కడుక్కుంటూ, “ముసలామెను ఉపాసం పెట్టి ఎక్కకపోతే ఏమైతది? మట్టెలతోనే ఎక్కు. ఎవరొద్దన్నరు?” అన్నాడు.

కల్పలత దుర్గేష్‌కు చెప్పలేదు. మట్టెల మీద ప్లాస్టర్ చుట్టి, దాని మీద సాక్సు తొడిగి, పాదాన్ని బూటులోకి కుక్కింది. మధ్యాహ్నానికి కుడి కాలు రెండో వేలు వంకాయలా ఉబ్బింది. గోరు నల్లబడింది. వీధిలోని కంసాలి చిన్న కత్తెరతో వెండి కోస్తుంటే ఆమె కుర్చీ చేతిని పట్టుకుని పళ్ళు బిగబట్టింది. సాయంత్రానికల్లా దేవమ్మ కొత్త జత తెప్పించింది. వాచిన వేలికి పట్టదు కదా అని పక్క వేలికి తనే ఎక్కించింది.

“చూసినవా,” అంది నొక్కుతూ, “ఎంత సులువుగ పట్టిందో.”

ఆ రాత్రే వేణుమాధవ్ గ్రూపులో పెట్టాడు. ‘కల్ప కాలికి దెబ్బ తగిలింది. తను ఎక్కదు. కింద తాడు పడుతుంది, వంట చూసుకుంటుంది. యోగిత గారికి భానుప్రకాశ్ జత.’ కింద వరసగా సరేనన్న బొటనవేలి గుర్తులు పడ్డాయి. వాటిలో ఒకటి యోగితది.

కల్పలత మంచం అంచున కూర్చుని చదివింది. “పొయ్యేనాటికి వాపు తగ్గుతది కద. నేను ఎక్కుత.”

“ఎందుకు గింత పరేషాన్? మోస్తరు గుట్టలే అన్నడు కద వాడు. నీకేం కొత్త? మాకు జెర చాన్సియ్యి.”

“ఈ ట్రిప్పు నేను అనుకున్నది.”

“అనుకున్నవు. మంచిదే అనుకున్నవు.” ఆయన లైటు తీసేశాడు. “అనుకునుడు వేరే, చేసుడు వేరే. గ్యాస్ పొయ్యి చిన్నది ఉన్నదా మనింట్ల?”

*

బయల్దేరే ముందటి ఆఖరి ఆదివారం బొల్లారం అవతలి గుట్టల దగ్గరికి అందరూ వచ్చారు. నాన్న ఎక్కడం వీడియో తీయడానికి సింధూర కూడా వచ్చింది. దుర్గేష్, యోగిత, భానుప్రకాశ్ పెద్ద బండకు అవతలి వైపు ఉన్నారు. ఇటువైపు వేణుమాధవ్ ఎక్కాలి, కల్పలత తాడు పట్టాలి.

ఆయన బరువెక్కువ. తాడు బండ పైని కొక్కెం మీదుగా కిందికొస్తుంది కాబట్టి, ఆయన జారితే కిందున్న ఆమె గాలిలోకి లేస్తుంది. అందుకని దుర్గేష్ ఆమె నడుము పట్టీని వెనక ఒక బండకు పట్టీతో బిగించి వెళ్ళాడు. 

“కట్టేసిండ్రు మమ్మీని,” అంది సింధూర ఫోన్ ఎత్తి పట్టుకుని. “డాడీ, ఒక్కసారి ఇటు చూడు. స్మైల్.”

వేణుమాధవ్ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. “చూడు బిడ్డా, మీ మమ్మీ ఏడాది కష్టపడ్డది మీ డాడీ ఒక్క నెలల నేర్చుకున్నడు,” అని ఎక్కడం మొదలుపెట్టాడు.

మొదటి సగం బాగానే ఎక్కాడు. కల్పలత తాడు లాక్కుంటూ, మిగిలింది కాళ్ళ దగ్గర పోగు చేసుకుంటూ చూస్తోంది. బండ కాస్త బయటికి ఉబ్బిన చోట ఆయన ఆగాడు. కుడి కాలు కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఆడింది. ఆమెకు ఆ చోటు బాగా తెలుసు. ఎడమ మోకాలి దగ్గర అరచేయంత గుంట ఉంటుంది. చూసుకుంటే అక్కడి నుంచి పైకి నిచ్చెన ఎక్కినంత తేలిక. ఆయన చూడలేదు. వేళ్ళు పట్టు తప్పాయి. తాడు ఒక్క కుదుపుతో ఆపింది. ఆయన గాలిలో వేలాడుతూ నెమ్మదిగా తిరిగి, ముఖం లోకం వైపు, వీపు రాయి వైపు పెట్టి నిలిచాడు.

“దింపు కల్పా.”

కల్పలత కుడి చేయి తాడును తుంటి దగ్గరికి లాగి పట్టుకుని ఉంది. దింపాలంటే ఆ పట్టు కొంచెం సడలించి, ఎడమచేతితో నడుము పట్టీకున్న తాడు బిగించే పరికరం మీట తిప్పాలి.

“దింపు అంటున్న.”

“ఎడమకు గుంటున్నది చూడుండ్రి. కాలు పెట్టుండ్రి.”

“నాకొద్దు. దింపు.”

“మోస్తరు బండనే కద,” అందామె. “ఎందుకు గింత పరేషాన్?”

సింధూర కిసుక్కున నవ్వింది. ఫోన్ ఇంకా ఎత్తే ఉంది. “డాడీ, మమ్మీ మస్తు డైలాగ్ కొట్టింది!”

“ఏయ్, నవ్వుతున్నవేందే? మీ అమ్మకు చెప్పు. కల్పా! నడుము పట్టీ కోస్తున్నది, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నయి. దింపు!”

“జెర ఆగుండ్రి. నా వేలిని సుత మట్టె కోసింది. ఆగిన కద నేను.”

ఆయన కిందికి చూశాడు. చూడకుండా ఉండాల్సింది. ముఖంలో రక్తం పోయింది. రెండు చేతులతో తలపైని తాడు పట్టుకున్నాడు. ఇక అరవలేదు. చిన్నగా అడిగాడు. “నీకేం కావాలె?”

ఆ ప్రశ్న పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఆమెను అడగలేదు. చీర రంగు కూడా అడగలేదు. కల్పలత తల పైకెత్తి, ఎండకు కళ్ళు చిట్లించి అంది. “ట్రిప్పుకు రానని చెప్పుండ్రి.”

“రాను.”

“వినపడలే.”

“రాను! నేను రాను, నువ్వే పో. నువ్వే ఎక్కు. అమ్మతోడు రాను. దింపు తల్లీ, దింపు.”

తల్లీ అన్నాడు. సింధూర నవ్వు ఆగిపోయింది. ఫోన్ నెమ్మదిగా కిందికి దిగింది. “మమ్మీ... చాలు. రానన్నడు కద. దింపు.”

అడిగింది దొరికింది. ఇక దింపవచ్చు. కల్పలత తన చేతి వైపు చూసుకుంది. అది కదల్లేదు. కదిలించాలని ఆమెకు అనిపించలేదు. బరువంతా ఆమె నడుము మీద ఉంది. వెనకనున్న బండ ఆమెను పట్టుకుని ఉంది. ఎంతసేపైనా ఇలాగే నిలబడగలదని ఆమెకు తెలిసింది. ఆ తెలియడం చల్లటి నీళ్ళు తాగినట్టుంది. పైన ఆయన ఏదో అంటున్నాడు. దేవుళ్ళ పేర్లు, ఆమె పేరు, మళ్ళీ దేవుళ్ళ పేర్లు. లేతరంగు ప్యాంటు మీద ముదురు మరక కిందికి పాకింది. బూటు కొస నుంచి ఒక చుక్క ఆమె పక్కన రాయి మీద పడింది.

“దుర్గేష్ అన్నా!” సింధూర గొంతు చించుకుంది. “దుర్గేష్ అన్నా, జల్దీ రా!”

బండ చుట్టూ పరుగెత్తుకొచ్చిన దుర్గేష్ తాడు చిక్కుబడిందనుకున్నాడు. పైకి చూశాడు, ఆమె చేయి చూశాడు, చివరికి ఆమె ముఖం చూశాడు. ఆమె చేతి మీద చేయి వేసి, ఒక్కొక్క వేలూ విప్పి తాడు తన చేతిలోకి తీసుకున్నాడు. వేణుమాధవ్ మెత్తగా, దెబ్బ తగలని మోటారులా నేల మీదికి దిగాడు. దిగి అక్కడే కూలబడ్డాడు. సింధూర తన చున్నీ తీసి ఆయన ఒళ్ళో కప్పింది.

*

దుర్గేష్ కల్పలత నడుము పట్టీ విప్పి, వెనకనున్న బండ నుంచి విడిపించాడు.

“తాడు చిక్కుపడ్డదా అక్కా?” అని అడిగాడు. అవునని చెప్పమని అడిగినట్టుంది ఆ అడగడం.

“లేదు.”

“దింపమన్నడా?”

“అన్నడు.”

“ఎన్నిసార్లు?”

ఆమె వంగి తాడు పోగు సర్దసాగింది. దుర్గేష్ నడుము పట్టీని చుట్టచుట్టాడు. ఆమెకు ఇవ్వకుండా తన సంచిలో పెట్టుకున్నాడు. “ఇగ నీ చేతికి తాడియ్యలేనక్కా. ఆయన ఎట్లాంటోడని నేను అడుగుత లేను. రేపు ఎడారిల ఇంకొకరుంటరు తాడు మీద.”

“ఇంకొకరికి నేనట్ల చెయ్య.”

“తెల్వది అక్కా. నిన్నటిదాక ఎవరికీ చెయ్యవనే అనుకున్న.”

కల్పలత యోగిత వైపు తిరిగింది. దుర్గేష్ వెనకే వచ్చిన యోగిత బండకు ఆనుకుని నిలబడి బూటు లేసు విప్పుకుంటోంది. విప్పిన లేసునే మళ్ళీ విప్పుతోంది.

“యోగితా, నువ్వు చెప్పు. నువ్వు పైన ఉంటే ఎప్పుడన్న దింపలేదా నేను?”

“దింపారండీ,” అంది యోగిత తలెత్తకుండా. ఏడాదిన్నరగా అక్కా అని పిలిచిన నోటితో మళ్ళీ అంది. “కానీ నాకూ ఇద్దరు పిల్లలున్నారండీ.”

కారు సింధూర నడిపింది. వేణుమాధవ్ ముందు సీట్లో చున్నీ కప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. లాలాగూడ వంతెన దాటాక కూతురి వైపు తిరిగాడు.

“సింధూ, ఆ వీడియో తీసెయ్యి.”

“తీసేసిన డాడీ.”

“మీ మమ్మీ టికెట్టున్నది కద. దాని మీద నువ్వు వస్తవా?”

అద్దంలో సింధూర కళ్ళు ఒకసారి వెనక సీటు వైపు చూశాయి. “రానన్నవ్ కద డాడీ, ఇందాక.”

“ఉరేసి అడిగితే ఏమైనా అంటరు బిడ్డా. అది మాటనా?”

వెనక సీట్లో కల్పలత కుడి అరచేయి చూసుకుంది. తాడు ఒత్తిన గీత ఇంకా ఎర్రగా ఉంది.

*

బయల్దేరే రోజు పొద్దున సింధూర తల్లి బూట్లు తొడుక్కుని హాల్లో అటూ ఇటూ నడిచింది. “కరెక్ట్‌గ సరిపోయినయి మమ్మీ. నీకెందుకు బిగుతయ్యేవో!”

కల్పలత చపాతీలు డబ్బాలో సర్దింది. ముడి ఎలా వెయ్యాలో డైనింగ్ కుర్చీకి చున్నీ కట్టి కూతురికి చూపించింది. ఎనిమిది అంకెలా చుట్టి, వచ్చిన దారినే వెనక్కి తిప్పాలి. సింధూర రెండుసార్లు తప్పు వేసి మూడోసారి సరిగ్గా వేసింది. వేణుమాధవ్ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తూ, లోపలికి రాకుండా, సామాను ఆటోలో పెట్టమని బయటి నుంచే చెప్పాడు. ఆ ఆదివారం నుంచి ఆయన కల్పలత చేతి నుంచి టీ కప్పు అందుకోవడం లేదు. టేబుల్ మీద పెట్టి ఆమె వెళ్ళిపోయాక తీసుకుంటాడు.

ఎడారికి వెళ్ళిన మూడోనాటికి ఫోటోలు వచ్చాయి. పసుపురంగు నేల, దాని నడుమ ఎర్రటి గుట్టలు. కల్పలత ఏడాదిగా ఫోన్‌లో దాచుకుని చూసుకున్న గుట్టలే. పగుళ్ళు కూడా ఆమె గుర్తుపట్టింది. గుట్ట మీద సగం ఎత్తులో సింధూర ఉంది. కింద పట్టా పరుచుకుని, కాళ్ళు వెడల్పుగా పెట్టి, తాడు తుంటి దగ్గరికి లాగి పట్టుకుని, తల పూర్తిగా పైకెత్తి వేణుమాధవ్ ఉన్నాడు. నిలబడిన తీరులో తప్పు లేదు. కల్పలత ఫోటో పెద్దది చేసి ఆయన కుడి చేయి చూసింది. అక్కడా తప్పు లేదు.

ఫోటో వెనకే సింధూర గొంతు వచ్చింది. గాలి హోరు మధ్య ఆయాసపడుతూ, నవ్వుతూ.

‘మమ్మీ, నాకు పైన మస్తు భయమైంది. డాడీ సూపర్ పట్టుకున్నడు. దింపు అనకముందే దింపిండు.’

దివాన్ మీద నుంచి దేవమ్మ మెడ చాపింది. “ఏమంటున్నది పిల్ల? నాకు సరిగ వినపడలే. మళ్ళొకసారి పెట్టు.”

కల్పలత సౌండు పెంచి, ఫోన్ అత్తగారి చెవి దగ్గర పెట్టి పట్టుకుంది.